పేజీ తెరపై సరిగ్గా ఉంటుంది, పాఠం మాత్రం తారుమారవుతుంది: పీడీఎఫ్ కంటెంట్ స్ట్రీమ్‌ను చదవడంలో రెండు చిక్కులు

చిక్కడపల్లి_అక్షరం

అందరికీ నమస్కారం. మా నాన్నగారు చిక్కడపల్లిలో చాలా ఏళ్లు ఒక చిన్న ప్రెస్సు నడిపారు. అక్కడ అచ్చయిన శతకాలు, ఊరి చరిత్రలు, పెళ్లి సావనీర్లు, వార్షికోత్సవ సంచికలు పీడీఎఫ్‌ల రూపంలో కొన్ని సీడీలలో మిగిలి ఉన్నాయి. వాటిలో మాట వెదికితే దొరికేలా, దొరికిన మాట పేజీలో ఎక్కడ ఉందో రంగు వేసి చూపేలా ఒక ఉపకరణం తయారుచేయాలని ఆరు నెలలుగా సాయంత్రాలు దానిమీదే గడుపుతున్నాను.

ఇందుకోసం పైథాన్‌లో ఒక చిన్న లైబ్రరీ రాశాను. మ్యూపీడీఎఫ్, పీడీఎఫ్‌మైనర్ వంటివి ఉండగా సొంతంగా ఎందుకని అడగవచ్చు. అవి అక్షరాల స్థానాలను కూడా ఇస్తాయన్నది నిజమే. కానీ తెలుగు పాఠం తప్పుగా వచ్చినప్పుడు ఆ తప్పు ఏ మెట్టు దగ్గర పుట్టిందో తెలుసుకోవాలంటే, పేజీలోని ప్రతి ఆపరేటర్‌నూ (అంటే పేజీని గీసే ఆజ్ఞనూ), ప్రతి గ్లిఫ్ (ఫాంట్‌లోని అక్షరపు బొమ్మ) సంఖ్యనూ నా చేతితో పట్టి చూడగలగాలని అనిపించింది. ఇప్పుడు రెండు చోట్ల చిక్కుకుపోయాను.

మొదటిది: కొన్ని ఫైళ్లలో పేజీ మొదటి భాగం సరిగ్గా వస్తుంది, ఆ తరువాతి భాగమంతా పదో వంతుకు కుంచించుకుపోయి ఎడమవైపు కింది మూలలో చిన్న మచ్చలా పడుతుంది. ఆ ఫైళ్లనే ఇతర వ్యూయర్లలో తెరిస్తే ఏ లోపమూ ఉండదు. ఆ పేజీల కంటెంట్స్, అంటే పేజీని గీసే ఆజ్ఞల జాబితా, ఒక్క స్ట్రీమ్ (ప్రవాహం) కాదు, రెండు స్ట్రీమ్‌ల వరుస. రెంటినీ విప్పి, ఒకదాని వెంట ఒకటి కలిపి చదువుతున్నాను. మొదటి స్ట్రీమ్ చిన్న క్యూతో (ఉన్న స్థితిని దాచే ఆజ్ఞ) మొదలై, కొలతలు మార్చే సీఎమ్ ఆపరేటర్‌తో 0.1 స్కేల్ పెట్టి, చివర పెద్ద క్యూతో (దాచిన స్థితికి తిరిగి వెళ్లే ఆజ్ఞ) ముగుస్తుంది. రెండోది కూడా చిన్న క్యూ, 0.1 స్కేల్‌తోనే మొదలవుతుంది.

రెండోది: తెరపై గీసిన పేజీలో 'మంత్రి' చక్కగా కనిపిస్తుంది, పాఠంగా తీస్తే 'మంతి్ర' అని వస్తుంది. 'విద్యార్థి' కాస్తా 'విద్యారి్థ' అవుతోంది. మరికొన్ని ఫైళ్లలో తెలుగే రాదు, కొమ్ములూ చుక్కలూ పెట్టిన యూరోపియన్ అక్షరాల వరుస వస్తుంది. గీయడంలో సరిగ్గా ఉన్నది చదవడంలో ఎందుకు చెడుతోందో తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

కూకట్‌పల్లి_మాట్రిక్స్

మీ మొదటి చిక్కుకు జవాబు మీరు రాసిన వాక్యాలలోనే ఉంది. మొదటి స్ట్రీమ్ పెద్ద క్యూతో ముగుస్తుంది, రెండోది చిన్న క్యూతో మొదలవుతుంది. మొదటి స్ట్రీమ్ చివర కొత్త పంక్తి గుర్తు గానీ ఖాళీ గానీ లేకపోతే, మీరు కలిపిన చోట ఆ రెండు అక్షరాలూ అంటుకుని రెండక్షరాల ఒకే మాటగా మారతాయి. అటువంటి ఆపరేటర్ ఏదీ లేదు కనుక మీ కోడ్ దానిని వదిలేసి ముందుకు సాగిపోయి ఉంటుంది. అంటే, పాత స్థితికి తిరిగి వెళ్లమన్న ఆజ్ఞా పోయింది, ఉన్న స్థితిని దాచమన్న ఆజ్ఞా పోయింది. మొదటి 0.1 స్కేల్ అలాగే ఉండగా దానిమీద రెండో 0.1 వచ్చి పడింది. అందుకే సరిగ్గా పదో వంతు; పీడీఎఫ్ నిర్దేశాంకాలకు మూలబిందువు పేజీ ఎడమ కింది మూల కనుక మచ్చ అక్కడ పడుతోంది.

స్ట్రీమ్‌ల మధ్య కనీసం ఒక ఖాళీ ఉన్నట్టుగా భావించి కలపాలని 2017లో వచ్చిన పీడీఎఫ్ ప్రమాణం ఐఎస్ఓ 32000 రెండో భాగం స్పష్టంగానే చెబుతుంది. 2008 నాటి మొదటి భాగంలో, స్ట్రీమ్‌లను విడగొట్టేది మాటకూ మాటకూ మధ్యనే అని ఉంటుంది. అయితే దీనిని చూసి ప్రతి స్ట్రీమ్‌ను విడివిడిగా నడిపించవచ్చని అనుకోకండి. ఒక ఆపరేటర్‌కు కావలసిన సంఖ్యలు మొదటి స్ట్రీమ్ చివరలోనూ, ఆ ఆపరేటర్ రెండో స్ట్రీమ్ మొదట్లోనూ ఉండవచ్చు. పీడీఎఫ్‌లో సంఖ్యలు ముందు, ఆజ్ఞ తరువాత వస్తాయి కనుక ఇది పూర్తిగా సక్రమమే. మధ్యలో ఒక ఖాళీ చేర్చి అన్నిటినీ ఒకే ప్రవాహంగా చదవడమే సరైన దారి.

దీనికంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. తెలియని ఆపరేటర్ ఎదురైనప్పుడు మౌనంగా దాటిపోకండి. బీఎక్స్, ఈఎక్స్ అనే ఆపరేటర్ల మధ్య ఉన్నప్పుడు మాత్రమే తెలియనిదానిని నిశ్శబ్దంగా వదిలేయడానికి ప్రమాణం అనుమతిస్తుంది. మిగతా చోట్ల అది ఫైల్‌లోని లోపమైనా కావాలి, మీ పార్సర్ (ఫైల్‌ను చదివే కోడ్) లోపమైనా కావాలి. దాటిపోయినా సరే, ఎన్నో బైటు దగ్గర ఏమి కనబడిందో రాసి పెట్టుకుంటే, ఇన్నాళ్లు మిమ్మల్ని తిప్పించిన లోపం మొదటి రోజే బయటపడేది.

మీరు అడగకపోయినా ఇంకొకటి. ఇటువంటి లైబ్రరీలు రాసేవారిలో చాలామంది, కొత్త పంక్తికి జరిపే టీడీ ఆపరేటర్ దగ్గర పొరబడతారు, నేనూ పొరబడ్డాను. పాఠానికి రెండు మాట్రిక్స్‌లు (స్థానాన్ని చెప్పే సంఖ్యల పట్టికలు) ఉంటాయి: ఒకటి ప్రస్తుత స్థానానిది, ఇంకొకటి పంక్తి మొదలుది. అక్షరాలు గీసినకొద్దీ మొదటిది మాత్రమే జరుగుతుంది. టీడీ మాత్రం పంక్తి మొదలు నుంచి కొలుస్తుంది, చివరి అక్షరం ఆగిన చోటు నుంచి కాదు. రెంటినీ ఒకటిగా చూస్తే ప్రతి పంక్తీ ముందు పంక్తి ముగిసిన చోట మొదలై, పేజీ మెట్లమెట్లుగా కుడివైపుకు జారిపోతుంది. పాఠం మొదలని చెప్పే బీటీ వచ్చినప్పుడల్లా ఈ రెండు మాట్రిక్స్‌లూ మొదటి స్థితికి వస్తాయి. ఫాంట్, అక్షరాల మధ్య ఎడం వంటివి మాత్రం పాఠం ముగిసిందని చెప్పే ఈటీ తరువాత కూడా నిలిచే ఉంటాయి. అక్షరాలను గీసే, పెద్ద జే ఉన్న టీజేలో మధ్యమధ్య వచ్చే సంఖ్యలు ఫాంట్ పరిమాణంలో వెయ్యో వంతులు, వాటిని స్థానం నుంచి తీసివేయాలి. 12 పాయింట్ల అక్షరానికి మైనస్ 250 అని ఉంటే కలం కుడివైపుకు 3 పాయింట్లు జరుగుతుంది. ప్లస్ ఉంటే ఎడమకు.

చిక్కడపల్లి_అక్షరం

ధన్యవాదాలు. మధ్యలో ఒక కొత్త పంక్తి గుర్తు చేర్చగానే చెడిన పేజీలన్నీ ఒక్కసారిగా నిలబడ్డాయి. ఆ ఫైళ్లకు తరువాతెప్పుడో పేజీ సంఖ్యలు అతికించారని నాన్నగారు గుర్తుచేసుకున్నారు; రెండో స్ట్రీమ్ అక్కడి నుంచి వచ్చి ఉంటుంది. టీడీ విషయంలో మీరు అనుమానించిన తప్పే నా కోడ్‌లోనూ ఉంది. మా ఫైళ్లలో ఎక్కువ భాగం ప్రతి పంక్తికీ టీఎమ్‌తో స్థానాన్ని కొత్తగా చెబుతాయి కనుక అది ఇంతకాలం బయటపడలేదు.

పాఠం విషయానికి వస్తే, పీడీఎఫ్ ఉపకరణాల సంపుటి అయిన పాప్లర్‌లోని ఫాంట్ల జాబితా ఉపకరణంతో అన్ని ఫైళ్లనూ పరీక్షించాను. అవి రెండు రకాలుగా విడిపోయాయి. ఒక రకంలో ఫాంట్ టైప్ 0 (ఒక అక్షరానికి ఒకటి కంటే ఎక్కువ బైట్లు వాడగలది), ఎన్‌కోడింగ్ ఐడెంటిటీ-హెచ్ (రెండు బైట్ల సంఖ్య నేరుగా గ్లిఫ్‌ను సూచించేది), టూయూనికోడ్ పట్టిక (గ్లిఫ్ సంఖ్యకు యూనికోడ్ అక్షరం చెప్పేది) ఉంది. ఒత్తులు తారుమారయ్యేవి ఇవి. రెండో రకంలో ఒక్క బైటు ఫాంట్లు, టూయూనికోడ్ లేదు. యూరోపియన్ అక్షరాలు వచ్చేవి ఇవి.

తార్నాక_లిపి

మొదటి రకం గురించి చెబుతాను, రెండో దానిలో నాకు అనుభవం తక్కువ.

పీడీఎఫ్ పేజీలో పాఠం లేదు. ఏ గ్లిఫ్‌ను ఎక్కడ గీయాలో మాత్రమే ఉంది. మనం 'శ్రీ' అని టైపు చేసినప్పుడు ఫైల్‌లో చేరే క్రమం శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం; యూనికోడ్ సంఖ్యలలో 0సి36, 0సి4డి, 0సి30, 0సి40. ఫాంట్‌లోని నియమాల ప్రకారం ఇది రెండు గ్లిఫ్‌లుగా మారవచ్చు: 'శీ' ఒకటి, కింద వేలాడే రకారపు ఒత్తు ఒకటి. పీడీఎఫ్‌లోకి చేరేది ఈ రెండు గ్లిఫ్‌ల సంఖ్యలే. టూయూనికోడ్ పట్టిక ఒక్కొక్క గ్లిఫ్‌కు విడిగా జవాబు చెబుతుంది: మొదటిదానికి శకారం, గుడిదీర్ఘం, రెండోదానికి పొల్లు, రకారం. రెండు జవాబులూ విడివిడిగా సరైనవే, వరుసగా చేర్చితే 'శీ్ర' అవుతుంది. 'మంతి్ర', 'విద్యారి్థ' కూడా ఇలాగే పుట్టాయి. పట్టికలో లోపం లేదు. గ్లిఫ్‌కు గ్లిఫ్‌గా పనిచేసే పట్టిక మొత్తం అక్షరపు క్రమాన్ని చెప్పలేదు, అంతే.

తెలుగులో గుణింతపు గుర్తు తరువాత పొల్లు రావడం అసాధ్యం కనుక దీనిని సరిచేయడం కష్టం కాదు. గుణింతపు గుర్తు వెంట పొల్లూ హల్లూ కలిసిన జంట ఒకటి గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే, ఆ జంటలన్నిటినీ గుర్తుకు ముందుకు జరపాలి. 'సీ్త్ర' అప్పుడు 'స్త్రీ' అవుతుంది. ఐత్వం కొన్నిసార్లు రెండు ముక్కలుగా వస్తుంది. 0సి46, 0సి56 పక్కపక్కన ఉంటే ఎన్ఎఫ్‌సీ (ముక్కలను కలిపిన యూనికోడ్ ప్రామాణిక రూపం) రూపంలోకి మార్చినప్పుడు 0సి48 అవుతుంది. కాబట్టి ముందు క్రమం సరిచేసి, తరువాత ఎన్ఎఫ్‌సీ నడపండి.

ఈ నియమంతో పట్టుబడని తప్పు ఒకటి ఉంది, నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే. 'హైదరాబాద్‌లో' అన్న మాట తీసుకోండి. టైపు చేసేటప్పుడు పొల్లు తరువాత కంటికి కనిపించని విడదీసే గుర్తు, అంటే 200సి, పెడతాము. దానికి గీయవలసిన రూపమేదీ లేదు కనుక పీడీఎఫ్‌లోకి అది చేరకపోవచ్చు. 'ద్' గ్లిఫ్‌కు పట్టిక దకారం, పొల్లు అని చెబుతుంది. తరువాతి 'లో' కలిసి 'హైదరాబాద్లో' అవుతుంది, లకారం ఒత్తుగా మారి దకారం కిందికి దిగిపోతుంది. ఇది చెల్లని క్రమం కాదు కనుక ఏ నియమమూ దీనిని తప్పుగా గుర్తించదు. అయితే గ్లిఫ్ స్థాయిలో తేడా స్పష్టంగా ఉంది: పొల్లుతో ఉన్న 'ద్' ఒక గ్లిఫ్, లకారపు ఒత్తు పూర్తిగా వేరే గ్లిఫ్. పొల్లు రూపపు గ్లిఫ్ వెంట ఒత్తు కాక పూర్తి హల్లు వస్తే, మధ్యలో 200సి చేర్చండి. మన ఊరిలో అచ్చయిన పుస్తకంలో ఊరి పేరు కోసం వెదికితే దొరకని స్థితి రాకూడదు.

అందువల్ల నా సలహా ఒక్కటే: పాఠంగా మార్చిన వెంటనే గ్లిఫ్ సంఖ్యను పారేయకండి. ప్రతి అక్షరంతోపాటు గ్లిఫ్ సంఖ్య, ఫాంట్, స్థానం, వెడల్పు చివరి దాకా వెంట ఉండాలి. ఒకసారి తీగలా పేర్చిన పాఠం నుంచి ఆ సమాచారాన్ని మళ్లీ రాబట్టలేము. మూల ఫాంట్ మీ దగ్గర ఉంటే ఇంకా మంచిది. పీడీఎఫ్‌లో ఇమిడ్చే ఫాంట్ ముక్కలో గీతలు ఉంటాయి గానీ అక్షరాలను కలిపే నియమాల పట్టికను చాలావరకు తీసేస్తారు. లిబ్రేఆఫీస్ వంటి వాటితో చేసిన ఫైళ్లలో అసలు పాఠాన్ని చెప్పే యాక్చువల్‌టెక్స్ట్ అనే లక్షణం కూడా చూడండి. అది ఉన్న చోట గ్లిఫ్‌ల జవాబులను పక్కన పెట్టి దానినే తీసుకోవాలి.

నల్లకుంట_కంపోజర్

అమ్మా, నేను ప్రోగ్రాములు రాసేవాడిని కాదు. ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ చేశాను. మీ రెండో రకం ఫైళ్లు మా చేతుల మీదుగా వచ్చినవే అయి ఉంటాయి, కాబట్టి వాటి గురించి నాలుగు మాటలు చెప్పగలను.

ఆ ఫాంట్లకు యూనికోడ్‌తో సంబంధం లేదు. ఇంగ్లీషు అక్షరాలు ఉండవలసిన గడులలో తెలుగు ముక్కలు పెట్టి చేసినవి అవి. ముక్కలు అని ఎందుకు అంటున్నానంటే, వాటిలో చాలా అక్షరాలు పూర్తిగా ఉండవు. తలకట్టు వేరు, దాని కింది ఒళ్లు వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు. వెడల్పు అక్షరానికి ఒక తలకట్టు, సన్న అక్షరానికి ఇంకొక తలకట్టు ఉంటాయి. ఒక్క 'ఘ' రాయడానికి మేము రెండు మూడు గడులు వాడిన సందర్భాలున్నాయి. ఫాంటును బట్టి గడుల అమరిక మారుతుంది. ఒకే పేరుతో ఉన్న ఫాంటు కూడా కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కొన్ని గడులు మార్చుకునేది. అందుకని ఫాంటు పేరు చూసి నమ్మకండి, ఆ గడిలో గీసి ఉన్న బొమ్మనే నమ్మండి.

క్రావడి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఫాంట్లలో రకారపు ఒత్తు ఎడమవైపు నుంచి అక్షరాన్ని చుట్టుకుని ఉంటుంది కనుక దానిని హల్లుకు ముందే కొట్టేవాళ్లం. పాత కన్వర్టర్లతో మార్చిన పాఠాలలో 'మం(తి', '(పభుత్వం' అని బ్రాకెట్ కనిపించేది ఇందుకే. తార్నాక గారు చెప్పిన నియమాన్ని ఈ ఫైళ్ల మీద నడిపితే ప్రమాదం. 'చిత్రం' అన్న మాటలో ముక్కల వరుస చి, క్రావడి, తం. ఆ నియమం క్రావడిని వెనుక ఉన్న 'చి'కి తగిలించి 'చ్రితం' చేస్తుంది. అది చదవడానికి తెలుగులాగానే ఉంటుంది కనుక మళ్లీ ఎవరూ పట్టుకోలేరు. ఈ రకంలో క్రావడి ఎప్పుడూ తరువాతి హల్లుదే. మిగతా ఒత్తులు మాత్రం ముందరి హల్లువి.

ఇంకొక సంగతి. అక్షరం లావుగా కనిపించాలని శీర్షికలను కొద్దిగా జరిపి రెండుసార్లు వేసే అలవాటు మాకు ఉండేది. పాఠం తీసినప్పుడు అటువంటి మాటలు రెండేసి వస్తాయి. పేజీలో పెట్టెలు ఏ వరుసలో పెట్టామో ఫైల్‌లో కూడా అదే వరుస ఉంటుంది, చదివే వరుస కాదు. అట్టడుగు పేజీ సంఖ్య అన్నిటికంటే ముందు రావచ్చు.

మీ నాన్నగారు దగ్గరే ఉన్నారంటున్నారు కనుక ఆయనను కూర్చోబెట్టండి. ఒక్కొక్క ఫాంటులోని బొమ్మలన్నిటినీ గడులుగా కాగితం మీద పెద్దగా అచ్చు వేసి, ఏది ఏమిటో ఆయన చేతనే రాయించండి. ఆ పని మెషిన్ కంటే ఆయన తొందరగా చేస్తారు.

గచ్చిబౌలి_పాఠకుడు

ఇంత శ్రమ ఎందుకని అడుగుతున్నందుకు మన్నించండి. పేజీలు తెరపై సరిగ్గానే వస్తున్నప్పుడు, 300 డీపీఐలో బొమ్మలుగా గీసి, బొమ్మలోని అక్షరాలను చదివే టెసరాక్ట్‌లోని తెలుగు నమూనాతో చదివిస్తే రెండు రకాల ఫైళ్లకూ ఒకే దారి అవుతుంది కదా?

కూకట్‌పల్లి_మాట్రిక్స్

ఆ దారిని నేను తోసిపుచ్చను, కానీ మొదటి దారిగా ఒప్పుకోను. స్కాన్ చేసిన పుస్తకానికి మరో మార్గం లేదు. ఇక్కడ మాత్రం ఏ గ్లిఫ్ ఎక్కడ ఉందో మనకు ఖచ్చితంగా తెలుసు. ఖచ్చితంగా తెలిసినదానిని బొమ్మగా మార్చి, ఆ బొమ్మను చూసి మళ్లీ ఊహించడం చేతిలో ఉన్నదానిని పారేసుకోవడమే. థకారంలో చుక్క ఉందా లేదా అన్నది బొమ్మ నుంచి చదివే యంత్రానికి ప్రతిసారీ సందేహమే. గ్లిఫ్ సంఖ్యకు ఆ సందేహం లేదు. పట్టికలో ఒక గడి తప్పుగా నింపితే ఆ తప్పు అన్ని పేజీలలోనూ ఒకేలా వస్తుంది, ఒక్క చోట సరిచేస్తే అన్ని చోట్లా సరవుతుంది. యంత్రం చేసే తప్పు ఒక్కొక్క పేజీలో ఒక్కొక్క రకంగా ఉంటుంది.

కానీ పరీక్షకు అది చాలా ఉపయోగపడుతుంది. పట్టికతో తీసిన పాఠాన్నీ, టెసరాక్ట్ చదివిన పాఠాన్నీ మాటకు మాట పోల్చి, తేడా వచ్చిన చోట్లను మాత్రమే మనిషికి చూపండి. 'చ్రితం' వంటివి అక్కడ బయటపడతాయి. పోల్చేటప్పుడు ఎత్తు దిశను మరచిపోకండి: పీడీఎఫ్‌లో నిలువు కొలత కింది నుంచి పైకి, బొమ్మలో పై నుంచి కిందికి. ఏ4 పేజీ సుమారు 595 పాయింట్ల వెడల్పు, 842 పాయింట్ల ఎత్తు. 300 డీపీఐకి ప్రతి కొలతనూ 300/72తో హెచ్చించాలి.

లావు కోసం రెండుసార్లు వేసిన అక్షరాలకు నేను వాడే పద్ధతి ఇది: అదే ఫాంట్, అదే గ్లిఫ్, అక్షరపు పరిమాణంలో పదో వంతు కంటే తక్కువ దూరంలో మళ్లీ వస్తే రెండోదానిని గీస్తాను గానీ పాఠంలో చేర్చను. పక్కపక్కన నిజంగా రెండుసార్లు వచ్చే అక్షరం కనీసం తన వెడల్పంత దూరం జరుగుతుంది కనుక పొరపాటు పడే అవకాశం తక్కువ.

చిక్కడపల్లి_అక్షరం

మీ అందరి మాటలూ చదివాక మొదట చేసిన పని, నా లైబ్రరీలో పాఠానికీ గ్లిఫ్‌కూ మధ్య ఉన్న గోడను తీసేయడం. ఇప్పుడు ప్రతి అక్షరం తన గ్లిఫ్ సంఖ్యతోనూ స్థానంతోనూ కలిసే ప్రయాణిస్తుంది. క్రమం సరిచేసే నియమం ఫాంట్ రకాన్ని చూసి మాత్రమే నడుస్తుంది. మొదటి రకం ఫైళ్లలో 'మంత్రి', 'విద్యార్థి', 'హైదరాబాద్‌లో' మూడూ వెదికితే దొరుకుతున్నాయి.

రెండో రకానికి నల్లకుంట గారు చెప్పినట్టే చేశాను. ఒక ఫాంట్‌లోని గడులన్నీ ఏ3 కాగితం మీద అచ్చు వేసి ఇస్తే, నాన్నగారు కళ్లజోడు కూడా సరిగ్గా పెట్టుకోకుండానే వరుసగా చెప్పుకుంటూ పోయారు. ఒకేలా కనిపించే రెండు గడుల దగ్గర నేను ఆగిపోతే, ఒకటి పకారానికి వాడే తలకట్టు, ఇంకొకటి నకారానికి వాడేది, వెడల్పు చూడు అన్నారు. వెడల్పుల పట్టిక తెరిచి చూశాను: రెంటికీ నిజంగానే తేడా ఉంది. ఒక్క గడి దగ్గర మాత్రం ఆయనా ఆగారు. అది ఏ అక్షరానికీ చెందని చిన్న వంపు గీత. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, అది ఒక శతకం కోసం అరసున్న కావాలని కవిగారు పట్టుబడితే ఫాంట్‌లో ఖాళీగా ఉన్న గడిలో తామే గీయించిన బొమ్మ అని చెప్పారు. ఆ గడికి 0సి01 అని రాసుకున్నాను. యూనికోడ్‌లో తెలుగు అరసున్న స్థానం అదే; పక్కనే 0సి00లో ఉన్న వేరే గుర్తుతో కలగలుపు కాకుండా చూసుకోవలసి ఉంది కనుక, దానిని ప్రస్తుతానికి విడిగా గుర్తుపెట్టి ఉంచాను. ఇంకా రెండు ఫాంట్ల గడులు మిగిలి ఉన్నాయి. అవి కూడా నిండాక మూడు పట్టికలనూ ఇక్కడే ఉంచుతాను. అవే గడుల అమరికతో ఉన్న ఫైళ్లు మీ దగ్గర ఉంటే వాటిమీద నడిపి చూసి, ఎక్కడ తప్పిందో చెప్పండి.